పిల్లలు పట్టే సోల్డరింగ్ ఐరన్‌కి ఏ లెడ్ (సోల్డరు తీగ) కొనాలి: సీసం ఉన్నదా, లేనిదా?

రుషికుల్య, బరంపురం:
వేసవి సెలవుల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత ఎఫ్ఎం రేడియో కిట్లు చేయించబోతున్నాం. ఎనిమిది మంది పిల్లలు, ఎనిమిది 25 వాట్ల మామూలు ఐరన్లు, గోధుమరంగు ఫినోలిక్ సర్క్యూట్ బోర్డులు. సాయంత్రం కరెంటు 190 వోల్టులకి పడిపోతుంది. సోల్డరు తీగని ఇక్కడ లెడ్ అనే అంటారు. షాపులో అడిగితే తగరం, సీసం కలిపిన 60/40 రీలు చేతిలో పెడతారు. సీసం లేనిది కావాలంటే విశాఖ నుంచి తెప్పించుకోవాలి. ఏది కొనమంటారు?

వంశధార, గుణుపురం:
63/37 కొనండి. 22 గేజి, లోపల రోజిన్ ఫ్లక్సు (లోహాన్ని శుభ్రం చేసి లెడ్ అతుక్కునేలా చేసేది) ఉన్నది. 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం కలిస్తే 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, అక్కడే ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60/40 చల్లారేటప్పుడు 190 నుంచి 183 దాకా ముద్దముద్దగా ఉంటుంది. ఆ కాస్త సేపట్లో పిల్లాడి చెయ్యి కదిలిందా, పార్టు కాలు చుట్టూ సన్నటి పగులు పడి డ్రై సోల్డరు అవుతుంది. పైకి అతికినట్టే ఉంటుంది. రేడియో మాత్రం తడితే పలుకుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది.

సీసం లేనివాటిలో కాస్త చవకైన తగరం-రాగి రకం 227 డిగ్రీలకి గానీ కరగదు. మీ ఐరన్ల లెక్క చూడండి. వోల్టేజీ తగ్గితే వాట్లు దాని వర్గం లెక్కన తగ్గుతాయి. 230 దగ్గర 25 వాట్లు ఇచ్చేది 190 దగ్గర 17 వాట్లే ఇస్తుంది. లెడ్ కరగడం లేదని పిల్లలు బిట్టుని (ఐరన్ కొనని) పది సెకన్లు నొక్కిపెడతారు. ఫినోలిక్ బోర్డు మీద పార్టు కాలు అతికే రాగి ప్యాడు లేచి ఊడొస్తుంది. ఒకసారి ప్యాడు లేచిన కిట్టుతో పిల్లాడి ఉత్సాహం కూడా పోతుంది.

నాగావళి, రాయగడ:
వంశధార గారూ, లోహం సంగతి మీరు చెప్పిందంతా నిజమే. కానీ పట్టుకునేది పిల్లలు. పిల్లల రక్తంలో సీసం ఇంత ఉంటే పరవాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐరోపాలో 2006 జులై 1 నుంచి అమ్మే ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసానికి 0.1 శాతం హద్దు పెట్టారు. మన ఈ-వ్యర్థాల నియమాల్లోనూ అదే హద్దు ఉంది. అవి తయారీదారులకి పెట్టిన నియమాలు, ఇంట్లో పని చేసుకునేవాళ్లకి కావు, ఒప్పుకుంటాను. అయినా నేర్చుకునే వయసులో చేతికి సీసం ఎందుకివ్వాలి?

ఐరన్ చాలకపోతే ఐరన్ మార్చండి. 60 వాట్ల టెంపరేచర్ కంట్రోలు ఉన్నది 190 వోల్టుల దగ్గర 41 వాట్లకి దిగినా, బిట్టు వేడిని 360 దగ్గర నిలబెడుతుంది. తగరం-రాగి లెడ్ మూడు సెకన్లలో పారుతుంది. ఎనిమిది కొనలేకపోతే నాలుగు కొని ఇద్దరిద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు అతికేటప్పుడు రెండోవారు చూసి తప్పు పట్టుకుంటారు, అదీ చదువే.

వంశధార, గుణుపురం:
సీసం పొగలో రాదు తమ్ముడూ. దాని మరుగుస్థానం 1749 డిగ్రీలు, 350 దగ్గర ఆవిరయ్యేది లెక్కలోకి రాదు. లోపలికి పోయే దారి చేతివేళ్లు, నోరు. తీగని పళ్ల మధ్య పట్టుకునే అలవాటు మొదటిరోజే మాన్పించాలి. బల్ల దగ్గర మంచినీళ్ల సీసా కూడా వద్దు. లేచేటప్పుడు సబ్బుతో చేతులు కడగాలి, శానిటైజరు సీసాన్ని తీసెయ్యదు. బల్లని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
పొగ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. కనిపించే పొగంతా ఫ్లక్సుదే. రోజిన్ పొగ రోజూ పీలిస్తే ఉబ్బసం పట్టుకునే ప్రమాదం ఉంది. సీసం లేని లెడ్‌కి బిట్టు వేడి పెంచుతాం కాబట్టి పొగ ఇంకా ఎక్కువ. అంటే సీసం తీసేసినంత మాత్రాన బల్ల క్షేమం అయిపోదు. చిన్న ఫ్యాను పెట్టి పొగని పక్కకి లాగించండి. ఫ్యాను గాలి నేరుగా బిట్టు మీదకి మాత్రం రాకూడదు, జాయింటు చల్లబడిపోతుంది.

ఇంకొకటి. రీలు మీద 60/40 అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. తగరం ఖరీదు, సీసం చవక. పింగాణీ టైలు ముక్క మీద సెనగబద్దంత లెడ్ కరిగించి ఐరన్ తీసేసి చూడండి. 63/37 అయితే బొట్టు అద్దంలా మెరుస్తూ ఉండి, ఉన్నట్టుండి గట్టిపడుతుంది. అసలైన 60/40 కాస్త మసకబారి గట్టిపడుతుంది. సీసం ఎక్కువ కలిపిన 40/60 సరుకైతే 238 నుంచి 183 దాకా నెమ్మదిగా బిగుస్తుంది. ఆ మధ్యలో అగ్గిపుల్లతో కదిపితే తడి ఇసుకలా జరుగుతుంది. అలాంటి రీలు పిల్లలకి ఇవ్వనే వద్దు.

రేకు పనికి వాడే యాసిడ్ ఫ్లక్సు బోర్డుల దగ్గరికి రానివ్వకండి. అతుకు ఆ రోజు బాగానే ఉంటుంది, వానాకాలం తేమకి రాగి పచ్చబడి తెగుతుంది.

రుషికుల్య, బరంపురం:
పాత టీవీ బోర్డుల మీద ముందు పార్టులు ఊడదీయడం నేర్పిద్దామనుకుంటున్నాం. వాటి మీద ఉన్న లెడ్‌తో కొత్తది కలిస్తే ఇబ్బందా?

నాగావళి, రాయగడ:
మామూలుగా ఇబ్బంది లేదు. సీసం లేని పాత జాయింటు కరగకపోతే పైన కాస్త 63/37 కలిపి ఊడదీస్తారు, అది రిపేరు బల్ల మీద అందరూ చేసేదే. ఒక్క బిస్మత్ ఉన్న లెడ్‌తోనే జాగ్రత్త. తగరం-బిస్మత్ 138 డిగ్రీలకే కరుగుతుందని పిల్లలకి సులువుగా ఉంటుందని కొంటారు. దాంట్లో సీసం కలిస్తే 96 డిగ్రీలకే కరిగే భాగం ఏర్పడుతుంది. వేడెక్కే భాగాల దగ్గర అతుకు వదిలేస్తుంది.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
బిట్టు గురించి కూడా. తగరం ఎక్కువున్న లెడ్ బిట్టుని త్వరగా తినేస్తుంది. నల్లబడిందని ఆకురాయితో గీయొద్దు, పైనున్న ఇనుప పూత పోతే లోపలి రాగి కరిగి గుంట పడుతుంది. తడి స్పాంజి మీద తుడిచి, ఐరన్ ఆపేముందు కొనకి కొత్త లెడ్ పూసి వదిలేయండి.

వంశధార, గుణుపురం:
కంట్రోలు ఐరన్లు కొంటామంటే సీసం లేనిదానికి నా అభ్యంతరం లేదు. ఆ 25 వాట్లవే వాడతామంటే మాత్రం 63/37 తప్ప వేరేది వద్దు. ఏదైనా పని ఒక్కటే: బిట్టు ప్యాడునీ కాలునీ కలిపి తాకాలి, ఒక సెకను ఆగాలి, తీగని బిట్టుకి ఎదురువైపు నుంచి 3, 4 మిల్లీమీటర్లు అందించాలి. ముందు తీగ తియ్యాలి, తర్వాత ఐరన్. ముద్ద గుండ్రంగా బంతిలా నిలబడితే వేడి చాలలేదని అర్థం, కాలు పొడవునా వాలుగా పాకాలి.

నాగావళి, రాయగడ:
ఒక మాట చేర్చండి. సీసం లేని జాయింటు కొంచెం మసకగానే ఉంటుంది. మెరవలేదని పిల్లలు మళ్లీ మళ్లీ కాలుస్తారు, అలా కాలిస్తేనే ప్యాడు పోతుంది. మెరుపు చూడొద్దు, వాలు చూడమని చెప్పండి. పిల్లలకి సీసం వద్దనే మాట మీదే నేనున్నాను. ఊడదీసే బల్ల వేరే పెట్టి, అక్కడి ఐరన్ల పిడికి ఎర్ర టేపు చుట్టి, అక్కడ పెద్దవాళ్లు మాత్రమే కూర్చోవాలి.

రుషికుల్య, బరంపురం:
నాలుగు కంట్రోలు ఐరన్లకి, తగరం-రాగి 0.8 మిల్లీమీటర్ల రీలుకి ఆర్డరు పెడుతున్నాం. 25 వాట్లవి ఊడదీసే బల్లకి పోతాయి, అక్కడ 63/37. షాపు రీలుని రేపు టైలు ముక్క మీద కరిగించి చూస్తాం.