ఫిరంగి కత్తి: ఆ పేరు చెప్పేది ఏ ఊరు?

ప్రశ్న (చిత్తూరు నుంచి)

పెద్దలకు నమస్కారం. పుంగనూరు దగ్గర మా మేనత్తగారింట్లో తరాలుగా వస్తున్న కత్తి ఒకటుంది. ఆయుధపూజ నాడు బయటికి తీసి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేస్తారు. ఇంటిల్లిపాదీ దాన్ని "ఫిరంగి కత్తి" అనే పిలుస్తారు. ఫిరంగి అంటే తోపు కదా, తోపుకూ కత్తికీ పొత్తు ఏమిటి? అలుగు, అంటే కోసే భాగం, నిటారుగా ఉంది, వంపు లేదు. దాని పొడవునా మూడు సన్నని గాడులు. పిడి దగ్గర చేతిని కప్పే వెడల్పాటి ఇనుప రేకు, పిడి కొసన బెత్తెడు మేకు. పేరును బట్టి ఇది ఏ ప్రాంతపు కత్తో చెప్పగలరా?

జవాబు (మదనపల్లె నుంచి)

పాత తోపును కరిగించి చేసిన కత్తి అయి ఉంటుంది. చిత్తూరు పాలెగాళ్లు 1804-05లో కుంఫిణీ మీద తిరగబడ్డారు కదా, అప్పుడు దొరికిన తోపు ఏదైనా కావచ్చు. మా వైపు పెద్దలు ఇలాంటి కథలు చాలా చెప్పేవారు.

జవాబు (తిరుపతి నుంచి)

కథ బాగుంది కానీ కొలిమి దగ్గర నిలవదండీ. తోపులు ఎక్కువగా కంచుతోనో పోత ఇనుముతోనో పోసేవారు. పోత ఇనుము పెళుసు. సమ్మెట దెబ్బకు సాగదు, పగులుతుంది. దానితో కత్తి అలుగు సాగగొట్టడం కుదరని పని. కంచు కత్తుల కాలమైతే ఏనాడో పోయింది.

ఇక మాట సంగతి. ఫిరంగి అంటే తోపు అన్నది తెలుగులో తర్వాత స్థిరపడిన అర్థం. మూలంలో అది మనిషి పేరు. ఐరోపాలోని ఫ్రాంకులను అరబ్బులు, పారసీకులు తమ నోటికి తగ్గట్టు ఫరంగ్ అన్నారు. ఆ దేశం వాడు ఫరంగీ, అక్కడి నుంచి వచ్చిన వస్తువూ ఫరంగీయే. బాబరు తన జ్ఞాపకాల్లో ఒక రకం తోపుకు ఈ పేరే వాడాడు. మన భాష ఆ తోపును పట్టుకుని మనిషిని వదిలేసింది. పదహారో శతాబ్దపు వైద్య గ్రంథం భావప్రకాశంలో సవాయి రోగాన్ని (సిఫిలిస్‌ను) ఫిరంగ రోగం అన్నారు, అక్కడ తోపు ఊసే లేదు. దక్కనులో, మరాఠా సీమలో ఫిరంగి అంటే ఐరోపా అలుగు వేసిన కత్తి. మీ మేనత్తగారి ఇంటి మాట ఆ పాత అర్థాన్నే కాపాడుకుంటూ వచ్చింది.

జవాబు (పలమనేరు నుంచి)

మూడు భాషల సరిహద్దులో ఉన్నాం కాబట్టి ఒక మాట. కన్నడంలో బొప్పాయి పరంగి హణ్ణు. తమిళంలో గుమ్మడి పరంగిక్కాయ్, చెన్నైలో సెయింట్ థామస్ కొండ పరంగిమలై. మన మూలికల అంగడిలో పరంగి చెక్క ఉండనే ఉంది. ఇవన్నీ ఆ కుదురువేనా?

తిరుపతి నుంచి

అవునండీ. అయితే మీ పరంగి చెక్క ఐరోపాలో పెరిగేది కాదు, అది చైనా వైపు దుంప. పోర్చుగీసు వర్తకుల సరుకుగా తిరిగింది కాబట్టి వాళ్ల పేరు అంటుకుంది. గుమ్మడి, బొప్పాయి కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. అంటే ఫిరంగి, పరంగి అన్న మాట సరుకు తెచ్చినవాడిని చెబుతుంది, పుట్టిన చోటును చెబుతుందని గట్టిగా అనలేం. కత్తి విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం.

అప్పట్లో ఐరోపా అలుగులు పిడి లేకుండా ఉత్త అలుగులుగా ఓడల్లో దిగేవి. పోర్చుగీసులు 1510లో గోవా పట్టారు. మనకు దగ్గర్లోని పులికాట్‌లో చంద్రగిరి రాయల కాలానికే డచ్చివాళ్లు కోట కట్టుకున్నారు. అలుగు ఏ రేవులో దిగినా పిడి మాత్రం ఇక్కడి కమ్మరే వేసేవాడు. తల్వారు పిడి అయితే లోపల లక్క కరిగించి పోసి అలుగు తోకను అందులో దింపేవారు. వేడి చేస్తే లక్క మెత్తబడి అలుగు ఊడి వస్తుంది, వేరే పిడికి ఎక్కించవచ్చు. మీరు చెప్పిన రేకు పిడిలోనైతే రెండు ఇనుప పట్టీలు అలుగును అటూ ఇటూ పట్టుకుని ఉంటాయి, వాటికి రివెట్లు కొడతారు. కొసనున్న మేకు అలంకారం కాదు. రెండు చేతులతో వేటు వేసేటప్పుడు ఎడమ చేతికి అది పట్టు.

కాబట్టి "ఎక్కడిది" అన్న ప్రశ్నను పిడికి వేరుగా, అలుగుకు వేరుగా అడగాలి. మీ వర్ణన ప్రకారం పిడి ఈ దేశపు పనే, అందులో నాకు అనుమానం లేదు. అలుగు తేల్చాలంటే పిడికి దగ్గరగా గాడుల పక్కన చూడండి, గుర్తులేమైనా ఉన్నాయా?

చిత్తూరు నుంచి

ఉన్నాయి సార్. రెండు నెలవంకలు ఎదురెదురుగా, అంచున చిన్న చిన్న పళ్లు. కనురెప్పల వెంట్రుకల్లా ఉన్నాయి.

తిరుపతి నుంచి

అది ఇటలీలోని జెనోవా పేరు మీద చెలామణీ అయిన ముద్ర. సంబరపడకండి! గిరాకీ ఉన్న ముద్ర కాబట్టి ఆస్ట్రియా వైపు నుంచి కాకసస్ దాకా, మన దేశంలో కూడా, కమ్మరులు దాన్ని దించేశారు. జర్మనీ అలుగుల మీద కనిపించే పరుగెత్తే తోడేలు గుర్తుకూ ఇదే గతి పట్టింది. ముద్ర ఒక్కటే చూసి విదేశీ అలుగని రాసేవాళ్లను నేను నమ్మను.

జవాబు (శ్రీకాళహస్తి నుంచి)

మా బంధువుల కత్తి మీద చుక్కలతో చెక్కిన నాగరి అక్షరాలున్నాయి. అది ఉత్తరాదిదే అనుకోవచ్చా?

తిరుపతి నుంచి

అనుకోకూడదు. అలాంటి చుక్కల రాత చాలామటుకు ఆయుధశాల లెక్క. పదిహేడో శతాబ్దం చివర్లో మన ఆదోని కోట ఔరంగజేబు సేనల చేతికి చిక్కింది. ఆయన తరఫున దక్కనులో పోరాడినవాళ్లలో బికనేరు రాజు అనూప్ సింగ్ ఒకడు. అక్కడి ఆయుధాలు బికనేరుకు తరలిపోయి, అక్కడి లెక్క ముద్రలు వేయించుకున్నాయి. దక్షిణాది కమ్మరి చేసిన కటారులు ఆ రాత వల్ల రాజస్థానీ సరుకుగా అమ్ముడుపోతుంటాయి. రాత దాచిన చోటును చెబుతుంది, చేసిన చోటును కాదు.

జవాబు (తిరుచానూరు నుంచి)

ఇంతమంది కత్తి గురించి మాట్లాడి స్వామివారి ఖడ్గం నందకం పేరు ఎత్తకపోవడం మన ఊరికే తలవంపు. అన్నమయ్యను స్వామివారి నందకాంశ అంటారు కదా! దానికి మాత్రం ఏ ప్రాంతపు పిడి అని అడగకండి.

చిత్తూరు నుంచి

అడగను సార్. పిడి పట్టీలు, రివెట్లు, నెలవంకలు విడివిడిగా ఫొటోలు తీసి పంపుతాను. మా అత్తయ్య ఈసారి చింతపండుతో తోముదామంటున్నారు.

తిరుపతి నుంచి

వద్దని చెప్పండి. పులుపు ముందు తినేది ఆ నెలవంకల పళ్లనే. మెత్తటి గుడ్డతో కాస్త నూనె పట్టిస్తే చాలు. నూనె రాసేటప్పుడు పట్టీల కింద వేరే రివెట్ల తాలూకు పాత రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ అలుగుకు ఇది మొదటి పిడి కాదు.