కొత్త స్కీ బూట్ల కంపెనీ: అడ్డం అచ్చులా, అంగళ్లా?

డెన్వర్ బావ:
కొలరాడోలో ఉంటాను. చలికాలం వస్తే శని, ఆదివారాలు కొండమీదే. ఆరేళ్లలో మూడు జతల స్కీ బూట్లు మార్చాను, మూడూ నరకం చూపించాయి. పోయిన నెల బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. అందుకే మేం ముగ్గురు మిత్రులం ఒకటి అనుకుంటున్నాం. ఫోన్‌తో పాదం స్కాన్ చేయించుకుని, త్రీడీ ప్రింటర్‌లో ఆ పాదానికే బూటు తీసి, నేరుగా ఇంటికి పంపడం. చెప్పిన ప్రతివాడూ "చేతులు కాల్చుకుంటావురా" అంటున్నాడు కానీ ఎందుకో ఎవడూ చెప్పడు. నా లెక్కలో ఉన్న అడ్డంకి ఒక్కటే, అచ్చుల ఖర్చు. ప్రింటర్ ఉంటే అదీ లేదు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

బాలానగర్ డైమేకర్:
తమ్ముడూ, నేను మంచు ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. కానీ ఇరవై రెండేళ్లుగా ఇంజెక్షన్ మౌల్డులు చేస్తున్నా కాబట్టి ఆ ముక్క చెప్తా. స్కీ బూటు పాదం పొడవును సెంటీమీటర్లలో కొలిచి అమ్ముతారు. 26, 26.5 రెండింటికీ బయటి గట్టి ప్లాస్టిక్ డొప్ప ఒకటే. 22 నుంచి 30 దాకా వేసుకున్నా తొమ్మిది డొప్పలు. కింది షెల్‌కి ఒక అచ్చు, పిక్కను పట్టే కఫ్‌కి ఒకటి, మొత్తం 18. కొన్ని కఫ్‌లు రెండు సైజులకు సరిపెట్టొచ్చు, అది వదిలెయ్. అచ్చు ఒక్కోటి 40,000 యూరోలు అనుకుందాం, 7,20,000. మొదటి ఏడాది 2,000 జతలు అమ్మితే జత మీద 360 యూరోలు అచ్చుకే పోయాయి. ఇదంతా ఒక్క వెడల్పుకే. 98 మిల్లీమీటర్ల పాదానికి ఒక సెట్టు, 102కి ఇంకో సెట్టు. ఈ ఖర్చు పెద్ద కంపెనీకీ ఉంటుంది, కాకపోతే వాళ్లు ఆ అచ్చుల్లోంచి ఏళ్ల తరబడి బూట్లు తీస్తారు.

డెన్వర్ బావ:
అన్నా, నేనన్నదీ అదే కదా. ప్రింటర్‌కి అచ్చే లేదు.

బాలానగర్ డైమేకర్:
అచ్చు లేదు సరే, ప్లాస్టిక్ సంగతి? ఈ బూట్లకు పాలీయురేథేన్, పెబాక్స్, గ్రిలమిడ్ వాడతారు. ఎనభై కిలోల మనిషి సున్నాకి ఇరవై డిగ్రీల కింద చలిలో రోజుకు కొన్ని వందలసార్లు ముందుకు వంగుతాడు. పగలకూడదు, పక్కలకు ఉబ్బకూడదు, వంగినంతా వెనక్కి రావాలి. పొరమీద పొర పేర్చిన వస్తువు సాధారణంగా విడిపోయేది ఆ పొర దగ్గరే. అడుగుభాగం బైండింగ్‌లో, అంటే బూటును స్కీకి పట్టి ఉంచి పడితే వదిలేసే బిగింపులో కూర్చోవాలి, దానికి ఐఎస్ఓ 5355 అని ప్రమాణం ఉంది. బూటు ముందు పొడుచుకొచ్చే అడుగు అంచు మందం 19 మిల్లీమీటర్లు, అటూ ఇటూ ఒక్క మిల్లీమీటరే. అది తేడా వస్తే పడినప్పుడు బైండింగ్ వదలకపోవచ్చు, మోకాలు పోవచ్చు. లోపలి ఇన్‌సోల్ ప్రింట్ చేస్తానంటే నేనే పెట్టుబడి పెడతా. డొప్ప ప్రింట్ చేస్తానంటే మాత్రం ముందు లాయర్‌ని చూసుకో.

ఉప్పుసరస్సు అక్క:
సాల్ట్ లేక్ సిటీ నుంచి. వారాంతాల్లో ఒక స్కీ షాపులో బూట్ ఫిట్టర్‌ని. మీరిద్దరూ ప్లాస్టిక్ దగ్గరే ఆగిపోయారు. నా దగ్గరికి వచ్చే మనిషి బూటు కొనడు, తన నొప్పికి పరిష్కారం కొంటాడు. లోపలి మెత్తటి లైనర్ తీసేసి ఖాళీ డొప్పలో పాదం పెట్టించి మడమ వెనక ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూస్తా. చీలమండ ఎముక తగిలితే అక్కడ డొప్పను వేడిచేసి బయటికి నొక్కుతా. వారం తర్వాత మళ్లీ వస్తాడు, మళ్లీ నొక్కుతా. స్కాన్‌లో పాదం ఆకారం వస్తుంది. ఎక్కడ నొక్కితే ఆ మనిషి ఓర్చుకుంటాడో రాదు. నువ్వు ఇంటికి పంపిన బూటు మూడో రోజు నొప్పెడితే ఎవరి దగ్గరికి వెళ్లాలి? నా దగ్గరికే. ఆ ప్లాస్టిక్ వేడికి ఎంత సాగుతుందో తెలియకుండా నేను ముట్టను.

ఇంకో సంగతి. మా గోడకు ఆరేడు బ్రాండ్లు పడతాయి. కొత్తది రావాలంటే పాతది ఒకటి దిగాలి. దిగేదాని తీరు మాకు పదేళ్లుగా తెలుసు.

డెన్వర్ బావ:
అంత అసాధ్యమైతే స్కీలు చేసే కే2 ఎలా వచ్చింది? 2013లో కదా బూట్లలోకి దిగింది. మొన్న 2023-24 సీజన్‌కి స్కీలు చేసే ఫాక్షన్ వాళ్లు ఫీనమ్ అని బూట్లు తెచ్చారు. సాలొమన్ అయితే బైండింగులు చేసుకునే కంపెనీ, 1979లో ఎస్ఎక్స్90తో బూట్లలోకి వచ్చింది.

ఉప్పుసరస్సు అక్క:
నువ్వు చెప్పిన మూడూ నా వాదనకే పనికొస్తున్నాయి తమ్ముడూ. ముగ్గురికీ స్కీలో బైండింగులో అప్పటికే షాపుల్లో ఉన్నాయి. షాపువాడితో పరిచయం, సేల్స్‌మన్, ఖాతా అన్నీ ఉన్నాక బూటు తెచ్చారు. అసలు కే2 వాళ్లు అంతకుముందే, 2006లో ఫుల్ టిల్ట్ పేరుతో బూట్లు అమ్మారు. వాటి అచ్చులు కొత్తవి కావు, 1980ల నాటి రైఖ్‌లే కంపెనీ ఫ్లెక్సాన్ బూట్ల అచ్చులు. అంత పెద్ద కంపెనీ కూడా పాత అచ్చులతోనే మొదలుపెట్టింది.

బాలానగర్ డైమేకర్:
అంటే అడ్డం అచ్చులేనని ఒప్పుకున్నట్టే కదమ్మా :)

లెక్కల మాస్టారు:
అచ్చుకు అప్పు దొరుకుతుందండీ. నడి ఏడాది గడవడానికే దొరకదు. ఈ వ్యాపారం వ్యవసాయం లాంటిది. చలికాలం చివర షాపులు వచ్చే ఏడాదికి ఆర్డర్లు ఇస్తాయి. ఎండాకాలమంతా మీరు ప్లాస్టిక్ కొని, కూలి ఇచ్చి, బూట్లు చేయాలి. సెప్టెంబరు, అక్టోబరులో సరుకు చేరుతుంది. డబ్బు చేతికి వచ్చేసరికి సంక్రాంతి. ఆ ఏడు మంచు పడకపోతే షాపులో సరుకు మిగిలిపోతుంది, మరుసటి ఏడు ఆర్డరు సగానికి తెగుతుంది. మీ తప్పు ఏమీ ఉండదు. పైగా సైజుల బాధ. 24 అయిపోయి 29 మిగిలితే ఆ 29 ఎవరికి తొడుగుతారు?

ఇటలీలో మాంటెబెల్లూనా అని ఊరు. నార్డికా బూట్ల కంపెనీ 1939లో అక్కడే పుట్టింది, టెక్నికా 1960లో ఆ దగ్గర్లోనే. ఆ చుట్టుపక్కలే అచ్చులవాళ్లు, బకిల్స్‌వాళ్లు, లైనర్లు కుట్టేవాళ్లు. చీరాల వెళ్తే రంగువాడూ మగ్గంవాడూ ఒకే వీధిలో దొరికినట్టు. అలాంటి ఊళ్లో పుట్టిన నార్డికా కూడా బట్టల కంపెనీ బెనెటన్ చేతికి వెళ్లి, 2003లో పొరుగునే ఉన్న టెక్నికా చేతికి వచ్చింది.

డెన్వర్ బావ:
మాస్టారూ, మరి లాంజ్? అయోవాలో డుబ్యూక్ అనే ఊళ్లో, పెద్ద పర్వతాలే లేనిచోట, బాబ్ లాంజ్ 1960లలో ప్లాస్టిక్ బూటు చేసి ప్రపంచాన్నే మార్చాడు.

లెక్కల మాస్టారు:
ఆయన పోటీ తోలు బూట్లతో. తోలు తడుస్తుంది, సాగుతుంది. రేసులవాళ్లు చూడగానే తేడా తెలిసింది. మీ బూటు ఇప్పుడున్నవాటికంటే అంత తేడాగా ఉంటుందా? "నొప్పి లేదు" అన్న మాట ఒక్కటే అమ్మితే ఏమవుతుందో మీ పక్కనే బౌల్డర్‌లో హాన్సన్ వాళ్లను అడగాలి. 1970లలో వెనకనుంచి తొడుక్కునే బూటు తెచ్చారు. జనం ఎగబడ్డారు, 80లలో అందరూ అదే చేశారు. రేసుల్లో పనికిరాలేదు. రేసులవాడు వేసుకోనిది కుర్రాళ్లూ వదిలేశారు, 90ల మధ్యకొచ్చేసరికి ఆ రకమే దాదాపు మాయం.

గుల్మార్గ్ రిటర్న్:
మధ్యలో వచ్చినందుకు సారీ. గుల్మార్గ్‌లో అద్దె బూట్లు వేసుకున్నా, రెండు రోజులు మెట్లు దిగలేకపోయా. ఎవరైనా కంపెనీ పెట్టండి బాబూ, ఎలా పెడతారో మీ ఇష్టం.

డెన్వర్ బావ:
ఒక్క ఉదాహరణ మీరెవరూ తీసుకురాలేదు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ దగ్గర పియెర్ జిన్యూ. కొండలు ఎక్కే రేసులవాళ్లకు కార్బన్‌తో చేత్తో బూట్లు చేశాడు. పెద్ద ఫ్యాక్టరీ లేదు, పెద్ద బ్రాండూ కాదు.

బాలానగర్ డైమేకర్:
ఇది మంచి పాయింటు, ఒప్పుకుంటా. కార్బన్ గుడ్డ పరిచే అచ్చుకు ఇంజెక్షన్ ఒత్తిడి ఉండదు, తక్కువలో అవుతుంది. కాకపోతే చేత్తో చేసే పని, ధర ఎక్కడికో పోతుంది. వంద గ్రాములు తగ్గితే చాలు, ఎంతైనా ఇస్తాననే పిచ్చోళ్లే కొంటారు. నువ్వు అమ్మాలనుకున్నది నీలాంటి శనివారం స్కీయర్‌కి కదా?

డెన్వర్ బావ:
అయితే ఒకే డొప్పతో మొదలుపెడతా. 26 ఒక్కటే. అల్యూమినియం అచ్చు, రెండు వందల జతలు, నేరుగా అమ్మకం.

ఉప్పుసరస్సు అక్క:
26 పాదాలవాళ్లే వస్తారా నీ వెబ్‌సైట్‌కి? చెప్పులు రెండు సైజుల్లో అమ్ముకోవచ్చు, పక్క సైజువాడు సర్దుకుంటాడు. ఇక్కడ సెంటీమీటరు తేడా వస్తే మనిషి సాయంత్రానికి ఏడుస్తాడు. మొదటి రోజునుంచే సైజులన్నీ పెట్టుకోవాలి. అచ్చులన్నా, అప్పన్నా, షాపన్నా బాధంతా అక్కడే. వంద జతలతో చిన్నగా మొదలుపెట్టి చూసే వీలు ఇందులో లేదు.

అది సరే, ఆ ఊడిన గోరు గురించి అడుగుతా. ఏ సైజు వేసుకుంటున్నావ్?

డెన్వర్ బావ:
28.5 అక్కా. షూ సైజు పదిన్నర కదా. మూడు జతలూ అదే. బిగుతుగా ఉండటం వల్లే గోరు పోయిందని అనుకుంటున్నా.

ఉప్పుసరస్సు అక్క:
మడమ గోడకు ఆనించి, నిలబడి, బొటనవేలి చివరిదాకా స్కేలుతో కొలిచి చెప్పు.

డెన్వర్ బావ:
27.1.

ఉప్పుసరస్సు అక్క:
రెండు పాదాలూ?

డెన్వర్ బావ:
ఎడమది 26.9.

ఉప్పుసరస్సు అక్క:
బూటు వదులై, దిగేటప్పుడు పాదం ముందుకు జారి గోరు కొట్టుకుంటోంది. బిగుతు కాదు నాయనా.