చిన్న కుక్కకి వాంతులు, మోషన్స్: తెల్లారే దాకా ఆగొచ్చా, ఇప్పుడే తీసుకెళ్ళాలా?

చిట్టితోక:

మా పొమేరియన్‌కి నాలుగేళ్ళు, బరువు మూడు కిలోలు. సాయంత్రం నుంచి మోషన్స్ అవుతున్నాయి, మొదట మెత్తగా వచ్చింది, తర్వాత నీళ్ళలా. మధ్యలో పసుపుపచ్చ నురగ కక్కింది. టీకాలన్నీ టైముకి వేయించాం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయింది. తిండి ఏమీ మార్చలేదు, కానీ ఇంట్లో చిన్నపిల్లలున్నారు కాబట్టి వాళ్ళ చేతుల్లోంచి ఏం కిందపడిందో, అది ఏం నోట్లో వేసుకుందో గట్టిగా చెప్పలేను. ఇప్పుడు మంచం కింద పడుకుని ఉంది. పిలిస్తే తోక ఊపుతోంది గానీ లేచి రావట్లేదు, అదే నాకు టెన్షన్‌గా ఉంది.

మేం ఎప్పుడూ చూపించే క్లినిక్ పొద్దున గానీ తెరవరు. రాత్రంతా తెరిచి ఉండే ఆసుపత్రి ఉంది కానీ కాస్త దూరం. ఆగొచ్చా, బయల్దేరాలా అన్నది ఏం చూసి తేల్చుకోవాలి? నెట్‌లో ఒకరు పన్నెండు గంటలు తిండి ఆపమంటారు, ఇంకొకరు వెంటనే పరిగెత్తమంటారు. మనం వేసుకునే మోషన్స్ బిళ్ళ చిన్న ముక్క వెయ్యొచ్చా?

రాత్రిడ్యూటీ:

జంతువుల ఆసుపత్రిలో రాత్రి షిఫ్టుల్లో పనిచేస్తానండి. డాక్టర్ని కాదు, డాక్టర్ల పక్కన ఉండి సెలైన్లు అవీ చూసుకుంటాను. ఫోన్ చేసినవాళ్ళు అందరూ ముందు చెప్పేది ఎన్నిసార్లు కక్కింది, ఎన్నిసార్లు వెళ్ళింది అన్న లెక్క. నేను మాత్రం ఒక వాంతికీ ఇంకో వాంతికీ మధ్యలో కుక్క ఎలా ఉంది అని అడుగుతాను. కక్కేసి, వెంటనే ఇల్లంతా తిరుగుతూ నీళ్ళు తాగి, తాగిన నీళ్ళు లోపల నిలుపుకుంటున్న కుక్క వేరు. కక్కి ఓ మూలకి చేరి, పిలిచినా రాని కుక్క వేరు.

చిన్న కుక్క విషయంలో తొందర ఎందుకంటే, ఒంట్లోంచి పోయిన నీళ్ళు బరువులో ఐదు శాతం దాకా చేరాక గానీ మన కంటికి డీహైడ్రేషన్ కనపడదు. పది శాతం అంటే పరిస్థితి బాగా సీరియస్. మీ మూడు కిలోల కుక్కకి ఐదు శాతం అంటే 150 మిల్లీలీటర్లు, పది శాతం అంటే 300. నీళ్ళలాంటి మోషన్స్ కొన్ని, వాంతులు కొన్ని కలిస్తే అంత పోవడానికి ఎంతో సేపు పట్టదు. అదే ముప్పై కిలోల కుక్కయితే ఐదు శాతం అంటే లీటరున్నర. పెద్ద కుక్కలున్న స్నేహితులు "మా వాడికీ అయింది, రెండు రోజుల్లో అదే తగ్గింది" అని చెప్పేది మీ కుక్కకి వర్తించకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు దాన్ని మంచం కింద నుంచి బయటికి తీసి లైటు కింద చూడండి. పెదవి పైకెత్తి చిగుళ్ళు చూడండి, గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలికి బంకగా అంటుకుంటే డీహైడ్రేషన్ మొదలైనట్టు. తెల్లగా పాలిపోయినా, నీలంగా ఉన్నా, ఇటుక రంగులో ఎర్రగా ఉన్నా ఇక్కడ చదవడం ఆపేసి బయల్దేరండి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్ల లోపు రంగు తిరిగి రావాలి. కొన్ని కుక్కలకి చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, అలాంటప్పుడు కింది కనురెప్ప లోపలి వైపు చూడండి. తర్వాత నేల మీద నిలబెట్టి నాలుగడుగులు వేయించండి. తూలుతోందా, వెనక కాళ్ళు వణుకుతున్నాయా, వీపు విల్లులా వంచుతోందా? ముందు కాళ్ళు చాపి, ఛాతీ నేలకి ఆనించి, వెనక భాగం పైకి లేపి అలాగే ఉండిపోతుంటే ఆటకి పిలుస్తోందనుకోకండి, కడుపునొప్పికి కూడా అలా చేస్తాయి. పాంక్రియాస్, అంటే పొట్టలో తిండి అరగడానికి సాయపడే గ్రంథి, వాచినప్పుడు చాలాసార్లు చూస్తుంటాం. పొమేరియన్‌కి బొచ్చు ఎక్కువ కాబట్టి పొట్ట ఉబ్బిందో డొక్కలు లోపలికి పోయాయో కంటితో తెలీదు, అరచేత్తో తడమాల్సిందే.

టెంపరేచర్ చూడగలిగితే మంచిదే. మలద్వారంలో పెట్టి చూస్తారు, కొసకి వ్యాజెలిన్ రాసి మెల్లగా. మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటినా, 99 కంటే తగ్గినా ఎమర్జెన్సీయే. జ్వరం లేదు, చల్లగానే ఉంది కదా అని చాలామంది ధైర్యం తెచ్చుకుంటారు, నాకు మాత్రం చల్లబడిన చిన్న కుక్కని చూస్తేనే ఎక్కువ భయం. అది గిలగిల్లాడుతుంటే మాత్రం బలవంతం చెయ్యకండి.

మూడుతోకలు:

బిళ్ళ వద్దు. చిన్న ముక్క కూడా వద్దు. మన మోషన్స్ బిళ్ళల్లో ఉండే లోపెరమైడ్ కొన్ని జాతుల కుక్కల్లో, ముఖ్యంగా కోలీ రకాల్లో, జన్యువుల తేడా వల్ల మెదడు దాకా వెళ్తుంది. మీది పొమేరియన్ కాబట్టి ఆ భయం తక్కువే కావచ్చు, కానీ ఇన్ఫెక్షన్ వల్లో ఏదో విషపదార్థం తినడం వల్లో మోషన్స్ అవుతుంటే బయటికి పోవాల్సినదాన్ని లోపలే ఆపినట్టవుతుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ అయితే ఇంకా ప్రమాదం. ఐబుప్రొఫెన్ కడుపులో పుండ్లు చేసి కిడ్నీలని దెబ్బతీస్తుంది. ఉప్పునీళ్ళు పట్టి కక్కించమని సలహా ఇచ్చేవాళ్ళు కూడా వస్తారు చూడండి, అది అసలు చెయ్యకూడదు, ఒంట్లో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి.

పిల్లలున్నారన్నారు కదా, అదే నాకు పెద్ద అనుమానం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తీపి కోసం వేసే జైలిటాల్ ఉంటే కుక్కకి అరగంట, గంటలో ఒంట్లో షుగర్ పడిపోతుంది, తర్వాత లివర్ దెబ్బతినొచ్చు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ, ఎలుకల మందు, ఇంట్లోవాళ్ళ మందుల డబ్బా అన్నీ ఓసారి చూసుకోండి. బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ ఒక్కటి తక్కువైనా లక్షణాలు కనపడేదాకా ఆగకండి, అది గొంతు గొట్టాన్ని కాల్చేస్తుంది. అలాంటిది మింగినప్పుడు ఇంట్లో కక్కించే ప్రయత్నమే చెయ్యకూడదు.

పచ్చికబయలు:

అందరూ కలిసి వాళ్ళని ఊరికే భయపెడుతున్నారనిపిస్తోంది. మా షిట్జు ఎన్నోసార్లు పొద్దున్నే పసుపు నురగ కక్కి, ఆ తర్వాత గిన్నె ఖాళీ చేస్తుంది. కుక్కలన్నాక కక్కుతాయి. ప్రతిదానికీ అర్ధరాత్రి కారెక్కిస్తే దానికీ స్ట్రెస్, మనకీ స్ట్రెస్.

రాత్రిడ్యూటీ:

పచ్చికబయలు గారూ, మీరు చెప్పింది నిజమే. రాత్రంతా కడుపు ఖాళీగా ఉండి తెల్లవారుజామున పిత్తం కక్కే కుక్కలు ఉన్నాయి. పడుకునే ముందు కాస్త తిండి పెడితే చాలావాటికి తగ్గుతుంది, దానికి ఎమర్జెన్సీ అక్కర్లేదు. కానీ ఆ కుక్క కక్కాక తింటుంది, ఆడుతుంది, మోషన్ మామూలుగా ఉంటుంది. ఈ కుక్కకి సాయంత్రం నుంచి నీళ్ళ మోషన్స్ అవుతున్నాయి, పిలిస్తే లేచి రావట్లేదు. రెండూ ఒకటి కాదండి.

తిండి ఆపే సంగతి కూడా చెప్పేస్తాను. ఆరోగ్యంగా ఉన్న, ఎదిగిన కుక్కకి కొన్ని గంటలు కడుపుకి విశ్రాంతి ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్న సలహానే. చిన్న జాతి పప్పీలకి, బాగా బక్కగా ఉన్నవాటికి, షుగర్ జబ్బుకి ఇన్సులిన్ తీసుకునేవాటికి డాక్టర్ని అడక్కుండా ఆపకూడదు. నీళ్ళు మాత్రం ఏ కుక్కకీ పూర్తిగా తీసెయ్యకండి. గిన్నె నిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా ఇవ్వండి. ఆ కొంచెం కూడా కక్కేస్తుంటే ఇక ఇంట్లో చెయ్యగలిగిందేమీ లేదు.

చిట్టితోక:

చూశాను. చిగుళ్ళు గులాబీ రంగులోనే ఉన్నాయి కానీ బంకగా తగులుతున్నాయి. నాలుగు చెంచాల నీళ్ళు ఇస్తే తాగింది, కాసేపటికే కక్కేసింది. ఇప్పుడే మళ్ళీ మోషన్ అయింది, ఈసారి మలమే లేదు, ఎర్రటి జామ్‌లా ఉంది. చేతులు వణుకుతున్నాయి నాకు.

రాత్రిడ్యూటీ:

బయల్దేరండి. ఇప్పుడే. దారిలో ఎవరితోనైనా ఆ ఆసుపత్రికి ఫోన్ చేయించి, మూడు కిలోల కుక్క, రక్తం మోషన్, నీళ్ళు నిలవట్లేదు అని ఈ మూడు ముక్కలూ చెప్పించండి, సిద్ధంగా ఉంటారు. తువ్వాల్లో చుట్టి వెచ్చగా ఉంచండి, తల కిందికి వేలాడకుండా పట్టుకోండి, కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఆ మోషన్ కొంచెం చిన్న డబ్బాలో వేసుకోండి, లేకపోతే ఫోటో తీయండి. ఇంట్లో కొరికిన కవరో మందు అట్టో కనిపిస్తే అదీ తీసుకెళ్ళండి, వెతకడానికి మాత్రం ఆగకండి. దారిలో నోట్లో ఏమీ పొయ్యకండి.

మూడుతోకలు:

వెళ్ళాక ఒక్క మాట రాయండి. ఎదురుచూస్తుంటాం.

కొత్తపప్పీ:

ఇది చదువుతుంటే నాకూ గుబులు పట్టుకుంది. మాది మూడు నెలల చివావా, ఇంకా టీకాలు పూర్తవ్వలేదు. ఇప్పటికైతే బాగానే ఉంది. దానికి మోషన్స్ మొదలైతే కూడా ఇవే చూసుకోవాలా?

రాత్రిడ్యూటీ:

మీ దానికి ఇంత లెక్క కూడా వద్దండి. టీకాలు పూర్తికాని పప్పీ కక్కుతూ, తిండి మానేసి, నీరసంగా ఉంటే పార్వో (కుక్కల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) కాదని తేలేదాకా పార్వో అనే అనుకోవాలి. రక్తం కనపడేదాకా ఆగొద్దు, కొన్నిటికి రక్తం రాకముందే పరిస్థితి చేయిదాటిపోతుంది. ఆసుపత్రిలో మిగతా కుక్కల మధ్య కూర్చోకుండా, ముందే ఫోన్ చేసి చెప్పి కారులోనే ఆగండి. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌తో పోతుందని నమ్మకం లేదు, నీళ్ళు కలిపిన బ్లీచ్ వాడాలి.

ఇంకోటి, అంత చిన్న పప్పీ ఒకటి రెండు పూటలు తినకపోతేనే ఒంట్లో షుగర్ పడిపోతుంది. తూలడం, చూపు నిలవకపోవడం, వణుకు, తర్వాత ఫిట్స్. అలాంటప్పుడు తేనె గానీ చక్కెర పాకం గానీ వేలితో చిగుళ్ళకి రాసి బయల్దేరండి. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో చెంచాతో పొయ్యకండి, రాయడం మాత్రమే. రాశాక కాస్త లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి వెళ్ళడం మానకండి.

దారంపోగు:

అందరూ మోషన్స్ గురించే మాట్లాడుతున్నారు. అసలు మోషనే రాకుండా మాటిమాటికీ కక్కే కుక్క సంగతి కూడా ఎవరైనా చదువుతారని రాస్తున్నాను. సాక్సు, టెంకె, బొమ్మ ముక్క పేగులో ఇరుక్కుంటే తిన్నది, తాగింది అన్నీ వెనక్కి వచ్చేస్తాయి. దారం అయితే ఇంకా దారుణం, ఒక కొస నాలుక కిందో కడుపులోనో పట్టుకుని రెండో కొస పేగులోకి పోతుంది, పేగు దాన్ని లాక్కునే కొద్దీ ముడతలు పడి కోసుకుపోతుంది. నోట్లోంచో వెనక నుంచో దారం కొస కనపడితే లాగకండి, కత్తిరించకండి, అలాగే తీసుకెళ్ళండి.

కక్కబోయి ఏమీ రాకుండా ఊరికే డోకుతూ, చొంగ కారుస్తూ, కుదురుగా పడుకోలేక, పొట్ట గట్టిగా ఉబ్బితే అది కడుపు మెలిపడటం కావచ్చు. పెద్ద కుక్కల్లోనే ఎక్కువ, నిజమే, కానీ డాక్స్‌హండ్ లాంటి చిన్నవాటికీ వస్తుంది. అలా కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. మలబద్ధకం అనుకుని ముక్కుతున్న కుక్కకి అసలు ఆగింది మూత్రం అని తేలిన సందర్భాలూ ఉంటాయి, ముఖ్యంగా మగవాటిలో. ముక్కేటప్పుడు ఏది రావట్లేదో వెనకే నిలబడి చూడాలి.

మూడుతోకలు:

దీనికి ఒకటి కలుపుతాను. ఆపరేషన్ చేయించని ఆడకుక్క, ఎదకొచ్చి కొన్ని వారాలయ్యాక నీళ్ళు ఎక్కువ తాగుతూ, కక్కుతూ, డల్‌గా ఉంటే కడుపు పాడయిందని తిండి మార్చి చూస్తూ కూర్చోవద్దు. గర్భసంచిలో చీము పట్టినా అలాగే ఉంటుంది, కింద నుంచి ఏమీ కారకపోయినా సరే.

చిట్టితోక:

ఆసుపత్రిలోనే ఉన్నాం. డ్రిప్ పెట్టారు. రక్తపరీక్షలో పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 64 వచ్చిందట, రక్తం పోతుంటే తగ్గాలి గానీ పెరగడమేంటని అడిగాను. ఒంట్లో నీళ్ళు పేగుల్లోకి పోయి రక్తం చిక్కబడితే అలా పెరుగుతుందని, చిన్న జాతుల్లో ఈ రక్తపు మోషన్స్ జబ్బు ఉన్నట్టుండి ఇలాగే వస్తుందని డాక్టర్ గారు చెప్పారు. పార్వో టెస్ట్ నెగెటివ్. ఎక్స్‌రేలో ఏమీ ఇరుక్కుని లేదు. యాంటీబయాటిక్ వెయ్యలేదు, అది సరేనా? రేపో ఎల్లుండో ఇంటికి పంపుతామంటున్నారు, ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలో కూడా చెప్పండి.

రాత్రిడ్యూటీ:

హమ్మయ్య. మామూలుగా పీసీవీ 37 నుంచి 55 మధ్య ఉంటుంది, 64 అంటే రక్తం బాగా చిక్కబడినట్టే. ఈ జబ్బుకి అసలు మందు సెలైనే, టైముకి పడితే ఎక్కువ కుక్కలు ఒకటి నుంచి మూడు రోజుల్లో తేరుకుంటాయి. జ్వరం, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిన గుర్తులు లేకపోతే యాంటీబయాటిక్ వెయ్యకపోవడమే ఇప్పటి పద్ధతి, వాళ్ళు సరిగ్గానే చూస్తున్నారు.

ఇంటికొచ్చాక వాళ్ళిచ్చిన తిండే, కొవ్వు తక్కువగా ఉండేది, రోజుకి నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. ఆకలేస్తోందని ఇంకాస్త అడుగుతుంది, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. ఇంటికొచ్చిన ఒకటి రెండు రోజులు మోషన్ రాకపోతే కంగారు పడొద్దు, పేగుల్లో ఏమీ లేదు కాబట్టి. కానీ మళ్ళీ నీళ్ళు కక్కినా, మోషన్ నల్లగా జిగటగా వచ్చినా, తోక ఊపడం కూడా మానేసినా, పొద్దున అపాయింట్‌మెంట్ ఉంది కదా అని ఆగకుండా అదే ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి, రికార్డులు వాళ్ళ దగ్గరే ఉంటాయి.