మన చెరువును మింగింది జనాభా ఒక్కటేనా? మీరు కళ్లారా చూసింది రాయండి

మూసీగట్టు:
నేను హైదరాబాద్ తూర్పు శివారులో ముప్పై రెండేళ్లుగా ఉంటున్నాను. ఇల్లు కట్టుకున్న కొత్తలో, గట్టి వాన కురిసిన రాత్రి చెరువు మత్తడి (నిండిన నీరు పొంగి పోయే అలుగు) దూకే చప్పుడు మా వరండాలోకి వినిపించేది. ఇప్పుడు అదే చెరువులో సగం కాలనీ, మిగిలిన సగం గుర్రపుడెక్క. ఈ మాట ఎత్తినప్పుడల్లా మిత్రులు "జనాభా పెరిగింది, ఏం చేస్తాం" అని తేల్చేస్తారు. 1951లో సుమారు 11 లక్షల మంది ఉన్న నగరంలో 2011 నాటికి దాదాపు 68 లక్షల మంది లెక్కకు వచ్చిన మాట నిజమే. అయితే అంతమందికి చోటు చెరువు కడుపులోనే ఎందుకు దొరికిందన్నది నా సందేహం. మీ ఊళ్లో చెరువో వాగో మీ కళ్లముందు తగ్గిపోయి ఉంటే, అది ఏ క్రమంలో జరిగిందో రాయండి. విన్నదానికంటే చూసింది రాస్తే మేలు.

నూటయాభై గజాలు:
మీ సందేహానికి నా దగ్గర జవాబు ఉంది, ఎందుకంటే చెరువులో ఇల్లు కట్టినవాళ్లలో నేనూ ఒకడిని. 2009లో నల్లగొండ జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి స్థలం వెతుకుతున్నప్పుడు, మెరక మీద గజం ధర నా జీతానికి అందలేదు. కిలోమీటరు దూరంలో పల్లంలో ఉన్న వెంచరులో అది దాదాపు సగానికి దొరికింది. ఏప్రిల్ నెలలో చూపించారు కాబట్టి నేల ఎండి పగుళ్లిచ్చి ఉంది. పక్కనే గొర్లు మేపుకుంటున్న ముసలాయన "గీడ మా గొర్లు నీళ్లు తాగేటియి సారూ" అన్నాడు. ఆయన పాత రోజులు తలచుకుంటున్నాడనుకున్నానే తప్ప, నేను కొంటున్నది శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, అని చెబుతున్నాడని నాకు తట్టలేదు.

2020 అక్టోబరు 13 రాత్రి నీళ్లు మొదట వచ్చింది వీధిలోంచి కాదు, స్నానాలగది తూములోంచి. తెల్లవారేసరికి కింది అంతస్తు మునిగింది. మూడు రోజులు మేడమీదే ఉన్నాం. ఆ తరువాతే గొలుసుకట్టు చెరువులంటే ఏమిటో తెలుసుకున్నాను: పై చెరువు నిండి మత్తడి దూకితే, ఆ నీరు వాగులో పడి కింది చెరువుకు చేరుతుంది. మా వెంచరు ఆ రెండింటి నడుమ, సరిగ్గా ఆ దారిలోనే ఉంది. అనుమతి ఇచ్చిన కార్యాలయం పేరు ఇక్కడ రాయను. కాగితాల మీద అన్నీ సక్రమంగానే ఉన్నాయి.

కొల్లేటి లంక:
మాది కైకలూరు దగ్గర లంక గ్రామం. మా అనుభవం మీకు పూర్తిగా భిన్నమైనది. మా తాతగారి నాటికీ ఇప్పటికీ మా ఊరి జనం పెద్దగా పెరగలేదు. చదువుకున్నవారు విజయవాడకో హైదరాబాదుకో వెళ్లిపోయారు. అయినా కొల్లేరు కుంచించుకుపోయింది. దానికి కారణం ఇళ్లు కాదు, చేపల చెరువుల గట్లు. మేము పెంచే బొచ్చె, శీలావతి మంచుగడ్డల మధ్య లారీలెక్కి బెంగాలుకూ అస్సాముకూ పోతాయి. ఎక్కడో వందల మైళ్ల అవతల పెరిగిన జనాభా తినే చేప కోసం ఇక్కడ మా సరస్సు ముక్కలైంది.

1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో యంత్రాలు తెచ్చి గట్లు తెగ్గొట్టారు. కొన్నేళ్లకే చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. నేను దీన్ని పూర్తిగా తప్పు పట్టలేను, మా ఇంటి పిల్లల చదువులు ఆ చేపల మీదే సాగాయి. కాని బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదంతా ఇక్కడ నిలిచి, సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి పోవాలి. నిలిచే చోటు తగ్గినకొద్దీ ఆ నీరు వరిచేలమీద పడుతుంది. ఎండాకాలంలో సరస్సు మట్టం పడిపోయినప్పుడు అదే ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పునీరు ఎదురెక్కి వస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు నీరు చివరికి చేరవలసింది మా దగ్గరికే. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులను చూడడానికి వచ్చేవారు ఫొటోలు తీసుకుని వెళ్తారు, ఈ సంగతి ఎవరూ అడగరు.

లెక్కల మాస్టారు:
కొద్దిగా అంకెలు చెబుతాను. దేశ జనాభా 1951లో 36 కోట్లు, 2011లో 121 కోట్లు. దీన్ని పక్కన పెట్టి పర్యావరణం గురించి మాట్లాడలేం. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక స్త్రీకి కలిగే సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. తరం తరానికి జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. అంటే పుట్టుకలు తగ్గి చాలాకాలమైంది. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేసింది కూడా. ఇక నగరం పెరగడంలో వలసల పాలు పెద్దది, కాపురాల సంఖ్య మనుషుల సంఖ్య కంటే వేగంగా పెరగడం ఇంకొకటి. మా నాన్నగారి తరంలో తొమ్మిదిమంది ఒకే బావి నీళ్లు వాడిన ఇంటి స్థానంలో ఇప్పుడు మేమే నాలుగు ఫ్లాట్లలో, నాలుగు బోర్లమీద ఉన్నాం.

మూసీగట్టు:
బోర్లంటే గుర్తొచ్చింది. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. నీరు పైనున్న చితికిన రాతిపొరలోనూ దాని కింది పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. పైన సిమెంటు పరిచి, పక్కన చెరువు పూడ్చితే ఆ పగుళ్లలోకి ఊరే నీరేది? మంజీర, కృష్ణ, గోదావరి నీళ్లు గొట్టాల్లో రావడం మొదలయ్యాక, సొంత చెరువు పోయిందన్న బెంగ కూడా ఎవరికీ లేకుండా పోయింది. 1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. నూటయాభై గజాలు గారూ, ఒక మాట అడగవచ్చా? కొనేముందు గ్రామ నక్షా, అదే ఊరి సర్వే పటం, చూశారా?

నూటయాభై గజాలు:
చూడలేదు. పహాణీ (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు) నకలు చూపించారు, అదే చాలనుకున్నాను. వరద తగ్గాక నక్షా తీసి మా ఇంటి సర్వే నంబరు వెతికితే, దాని మీదుగా సన్నటి జంట గీత పోతోంది. వాగుకు గుర్తు అదేనట. వచ్చే ఆదివారం పక్క వీధులవాళ్లతో కలిసి ఆ గీత వెంట పై చెరువు దాకా నడుద్దామనుకుంటున్నాం. ఎక్కడెక్కడ పూడిందో గుర్తుపెట్టుకుని ఇక్కడ రాస్తాను. మీది ఆ పక్కనే అయితే మీరూ రండి, మత్తడి ఎక్కడుండేదో మాలో ఎవరికీ తెలియదు.