'అక్క వచ్చింది', 'ఆవు వచ్చింది': తప్పు వ్యాకరణానిదా, మనదా?

లెక్కల టీచర్:
తెలుగు మాస్టారు సెలవు పెడితే నిన్న ఆ పీరియడ్ నాకిచ్చారు. ఏడో తరగతి పిల్ల లేచి అడిగింది: "తమ్ముడు వచ్చాడు, ఆవు వచ్చింది అంటాం. మరి అక్క కూడా 'వచ్చింది' ఏంటి మేడమ్?" చిన్నయసూరి బాలవ్యాకరణం లెక్కన స్త్రీలు, పశుపక్ష్యాదులు, ప్రాణంలేనివి పోను మిగిలినవి మహత్తులు. అంటే మగవాళ్లు. మహత్తంటే గొప్పది. ఆ పిల్లకి ఈ మాట ఎలా చెప్పను? భాషలో ఆధిపత్యమంటే ఇదే అంటాను.

సూరి శిష్యుడు:
సగమే చెప్పారు. 'ఆడవాళ్లు వచ్చారు' అంటాం గానీ 'వచ్చాయి' అనం. 'ఇద్దరు అక్కలు', 'రెండు ఆవులు'. బహువచనంలో స్త్రీలు మహత్తుల వరసలోనే ఉన్నారు, అందుకే ఆడవాళ్లను చెప్పే మాటలకి మహతీవాచకాలని వేరే పేరు. సూరిగారు భాషను పుట్టించలేదు, జనం నోట ఉన్నదాన్ని సూత్రంగా రాశారు. గోండి భాషలో ఆడవాళ్లు ఒకరైనా పదిమందైనా పశువుల వరసలోనే ఉంటారు. అక్కడ ఏ పండితుడు శాసించాడు?

లెక్కల టీచర్:
ఒక్కతినైతే ఆవుతో జత, పక్కన ఇంకొకతె నిలబడితే మనుషులం. ఇదా జవాబు?

మదురై కోడలు:
తమిళంలో మగవాడికి 'వందాన్', ఆడదానికి 'వందాళ్', ఆవుకి 'వందదు'. మూడూ వేరు. మలయాళంలో ఎవరొచ్చినా 'వన్ను' ఒక్కటే. ఇరవై ఏళ్లు తమిళ అత్తగారింట్లో ఉన్నాను, మగవాళ్లందరూ తిన్నాకే నా విస్తరి వేసేవారు. ఆ 'వందాళ్' నాకు ఒక్క పూట కూడా వేడన్నం పెట్టించలేదు.

సూరి శిష్యుడు:
చక్కగా చెప్పారమ్మా.

పొలంగట్టు:
వార్తల్లో 'ముఖ్యమంత్రి వచ్చారు' అనేగా చదువుతారు, ఆడవారైనా మగవారైనా.

మెతుకుసీమ:
ఆధిపత్యం ముచ్చట తీసిండ్రు గాబట్టి చెప్తున్న. హాస్టల్ల సీనియర్‌ను "అన్నా, నువ్వు తిన్నవా" అని అడిగిన. 'మీరు' అనుడు రాదా అని అందరి ముందట నిలబెట్టిండ్రు. మా తాతను గూడ నేను నువ్వనే అంట. మా ఇంట్ల 'మీరు' అంటే పరాయోళ్లు.

సూరి శిష్యుడు:
ఇక్కడి చర్చ లింగం మీద, మాండలికం మీద కాదు. దయచేసి పక్కదారి పట్టించకండి.

మెతుకుసీమ:
ఏది చర్చనో, ఏది కాదో నువ్వే తేలుస్తవా? హాస్టల్ల గిట్లనే అన్నరు.

లెక్కల టీచర్:
నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు. మొన్న చేరిన కుర్రాడు గేటు దాటగానే "సార్ వచ్చారు". నేనొస్తే "లెక్కలావిడ వచ్చింది". అటెండరు దగ్గర్నించి హెడ్మాస్టరు దాకా అంతే. ఒకసారి అడిగితే "తెలుగులో అంతే కదమ్మా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. సూత్రాన్ని అడ్డం పెట్టుకుని నన్ను తగ్గిస్తే ఆ సూత్రంలో దోషం లేదంటే ఎలా?

సూరి శిష్యుడు:
'ఆవిడ వచ్చారు' తప్పని ఏ సూత్రం చెప్పింది? గౌరవ బహువచనం భాషలో ఉంది. వాడనిది మీ హెడ్మాస్టరు. ఆయన మీది కోపం సూరిగారి మీద చూపించడం అన్యాయం.

వాడచివరి:
మొదట్నించీ చదువుతున్నాను. మా తాత డెబ్భై ఏళ్లొచ్చినా పాలేరే. ఆసామి మనవడు పదేళ్లవాడు, "ఒరే, ఇలా రారా" అంటే తాత "వస్తన్నా బాబూ" అని పరిగెత్తేవాడు. ఆయన మగవాడే, మీ ఇద్దరి లెక్కలోనూ మహత్తే. ఆ 'వచ్చాడు' ఆయనకేం గొప్పతనం ఇచ్చింది? టీచరమ్మా, ఒక్కటి అడుగుతాను. మీ బడి ఊడ్చే ఆవిడను మీరెలా పిలుస్తారు?

లెక్కల టీచర్:
పొద్దున అడిగారు, ఇప్పటికి రాయగలిగాను. "ఏమ్మా, ఊడ్చావా" అంటాను. ఆమె నాకన్నా పెద్దది. చూడండి, ఇక్కడ కూడా 'పెద్దది' అనే వచ్చింది చేతికి.

సూరి శిష్యుడు:
అందులో తప్పేముంది? చనువు వేరు, ఆధిపత్యం వేరు. మా వంటమ్మను ముప్పై ఏళ్లుగా నువ్వనే అంటున్నాను. ఇంటి మనిషి.

మెతుకుసీమ:
ఆమె నిన్నేమంటది? నేను తాతను నువ్వంటే తాత గూడ నన్ను నువ్వనే అంటడు. నీ నువ్వుకు మళ్ల ఏమొస్తది?

సూరి శిష్యుడు:
'మీరు' అంటుంది, అయ్యగారూ అంటుంది. అది ఆమె అలవాటు. అలా పిలవమని నేను ఏనాడూ అడగలేదు.

వాడచివరి:
వద్దని ఏనాడైనా అన్నారా?

సూరి శిష్యుడు:
అనలేదు. అనాలని తోచనూ లేదు. కానీ మహతీవాచకాల సంగతి టీచర్‌గారు ఇంకా ఒప్పుకోలేదు. ఆ పిల్లకి సూత్రం సగం చెప్పి వదిలేయకండి, పూర్తిగా చెప్పండి.