గాయం మానకుండానే రూకీ (మొదటి సీజన్ ఆడే) క్వార్టర్‌బ్యాక్‌ని (అమెరికన్ ఫుట్‌బాల్‌లో బాల్ విసిరే ముఖ్య ఆటగాడు) దింపడం కరెక్టేనా?

ఆష్‌బర్న్_శీను: ఈ గొడవ వచ్చినప్పుడల్లా నాకు 2012 వాషింగ్టన్ టీమే గుర్తొస్తది. కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (ఎంపిక ఛాన్స్‌లు), పైన ఒక సెకండ్ రౌండ్ పిక్ ఇచ్చి మరీ రాబర్ట్ గ్రిఫిన్‌ని తెచ్చుకున్నారు, డిసెంబర్‌లో బాల్టిమోర్ మ్యాచ్‌లో కుడి మోకాలికి దెబ్బ తగిలితే ఒక్క మ్యాచ్ కూర్చోబెట్టి బ్రేస్ కట్టి మళ్లీ దింపేశారు. 2013 జనవరి 6, సియాటిల్‌తో ప్లేఆఫ్, మొదటి క్వార్టర్ నుంచే కుంటుతున్నాడు, టీవీలో చూసేవాడికి కూడా తెలుస్తోంది. నాలుగో క్వార్టర్‌లో స్నాప్ (ప్లే మొదట్లో ముందున్నవాడు వెనక్కి అందించే బాల్) సరిగ్గా రాక బాల్ కోసం వంగబోతే కాలు అడ్డంగా మడతపడిపోయింది. ఏసీఎల్, ఎల్‌సీఎల్ అని మోకాలి లిగమెంట్లు (ఎముకల్ని పట్టుకునే పట్టీలు) రెండిటికీ ఆపరేషన్. బెంచీ మీద ఇంకో క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్ ఖాళీగా ఉన్నాడు, గ్రిఫిన్ ఆడని క్లీవ్‌లాండ్ మ్యాచ్ గెలిపించింది అతనే!

సీమ_క్వార్టర్‌బ్యాక్: శీనన్నా, కోచ్ షానహాన్ అడిగితే ఆడతానన్నది గ్రిఫినే కదా. మొదటి క్వార్టర్‌లో 14-0 లీడ్ కూడా వాళ్లదే. తీసేసి ఓడిపోయుంటే నువ్వే ఇక్కడ కోచ్‌ని ఉతికి ఆరేసేవాడివి.

మోకాలు_డాక్టరమ్మ: అసలు ఆ అబ్బాయిని అడగడం ఏంటండీ? 22 ఏళ్లు, మొదటి సీజను, మొదటి ప్లేఆఫ్, స్టేడియం నిండా జనం, "నావల్ల కాదు సార్" అని ఎవడంటాడు? కాలేజీలో 2009లో ఏసీఎల్ పోయింది కూడా ఆ మోకాలికే. కుడిచేత్తో విసిరేవాడు కుడికాలు తన్నిపెట్టే బలం తీసుకుంటాడు, ఆ కాలు నిలవకపోతే బాల్ ముందే పడిపోతుంది, ఆ రోజు మ్యాచ్ మొత్తానికి 84 యార్డ్‌లే విసిరాడు. అంటే టీమ్‌కి కూడా లాభం లేదు.

సీమ_క్వార్టర్‌బ్యాక్: మరి 2024లో జేడెన్ డేనియల్స్ సంగతేంటి మేడమ్? అదే వాషింగ్టన్, వాడూ రూకీయే. కరోలినా మీద పక్కటెముకకి దెబ్బ, వారం తిరిగేసరికల్లా షికాగో మీద దిగాడు, ఆఖరి ప్లేలో 52 యార్డ్‌ల హెయిల్ మేరీతో (ఆఖరి ఆశగా విసిరే లాంగ్ పాస్) 18-15తో గెలిపించాడు. లాస్ట్ బాల్‌కి సిక్స్ కొట్టినట్టే. ఇంట్లో పడుకోబెట్టుంటే అది ఉండేదా?

మోకాలు_డాక్టరమ్మ: పక్కటెముక నొప్పి ఓర్చుకునే సంగతి, ప్యాడ్ వేస్తారు, రిస్క్ లేదని కాదు గానీ కాస్త మేనేజ్ చేయొచ్చు. ఒక లిగమెంట్ వదులైన మోకాలైతే ఆ బరువంతా పక్క లిగమెంట్ల మీద పడుతుంది. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

ఆష్‌బర్న్_శీను: నాకు అర్థం కానిది ఇంకోటుంది. తలకి దెబ్బ తగిలితే టీమ్‌తో సంబంధం లేని న్యూరో డాక్టర్‌ని 2013 నుంచి సైడ్‌లైన్‌లో నిలబెడుతున్నారు. మోకాలికి అలాంటివాడు ఎందుకు లేడు? టీమ్ డాక్టర్ ఉన్నా చివరికి తీసేయాలా వద్దా అనేది కోచ్ చేతిలోకే పోతోంది, రేపు ఓడితే ఉద్యోగం పోయేది ఆయనకే, ఇక ఆయన ఎటు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు. పైగా ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకే సీజన్ ఓపెనర్‌లో గ్రిఫిన్‌ని మళ్లీ దింపారు, ఆ ఏడాది 3 గెలుపులు, 13 ఓటములు, షానహాన్ ఉద్యోగమూ పోయింది.

సీమ_క్వార్టర్‌బ్యాక్: సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ జో బరో సంగతి కూడా చెప్పు మరి. 2020 నవంబర్‌లో మోకాలు పోయింది, తర్వాతి సెప్టెంబర్‌కల్లా వచ్చి టీమ్‌ని సూపర్ బౌల్ (ఫైనల్)కి తీసుకెళ్లాడు.

ఆష్‌బర్న్_శీను: వచ్చాడు బ్రో, కానీ ఆ సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లన్నీ కూర్చోబెట్టాకే వచ్చాడు. నేను మొదట్నుంచీ అడుగుతున్నది అదే.

సీమ_క్వార్టర్‌బ్యాక్: లిగమెంట్లు తెగినవాడు ఎలాగూ ఆడలేడు, పైగా నవంబర్‌కే వాళ్ల ప్లేఆఫ్ ఆశలు దాదాపు పోయాయి. ప్లేఆఫ్ రేసులో ఉంటే అప్పుడు మాట్లాడదాం.