మా బాబుకి ఫిట్స్ ఉన్నాయని స్కూల్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు, అడిగే హక్కు మాకుందా?

కావలి అమ్మ:
అందరికీ నమస్కారం. మాది కావలి. బాబు నాలుగో తరగతి, ప్రైవేటు స్కూలు, పేరు ఇక్కడ రాయను. వాడికి ఆరో ఏట ఫిట్స్ మొదలయ్యాయి, నెల్లూరులో చూపిస్తున్నాం, పొద్దున సాయంత్రం సిరప్ తాగుతాడు, పద్నాలుగు నెలలుగా ఒక్కసారి కూడా రాలేదు. జూన్‌లో స్కూలు తెరిచినప్పుడు హెల్త్ ఫారం ఇచ్చారు. మా అత్తగారు రాయొద్దంటే రాయొద్దన్నారు. కానీ రేపు గ్రౌండులో పడిపోతే పక్కనున్న వాళ్లకు ఏం చేయాలో తెలియాలి కదా అని నేనే ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను.

పోయిన వారం స్కూల్లో హెల్త్ క్యాంపు ఉందని, ఎవరు ఏ రిపోర్టులు తేవాలో చెప్పడానికి క్లాస్ టీచర్ రిజిస్టర్ పేజీని ఫోటో తీసి పేరెంట్స్ గ్రూపులో పెట్టారు. 38 మంది పిల్లల పేర్లు, ఎత్తు, బరువు, బ్లడ్ గ్రూపు, చివరి గడిలో రిమార్క్స్. ఒక పాపకి ‘పక్క తడుపుతుంది’ అని ఉంది. ఒక బాబుకి గుండె ఆపరేషన్ అయిందని ఉంది. మా వాడి వరుసలో ‘ఫిట్స్, మందులు వాడుతున్నాడు’ అని రాసి కింద ఎర్ర ఇంకుతో గీత గీశారు.

సాయంత్రానికల్లా ఒకావిడ ఫోన్ చేసి ‘మీ వాడి పక్కన మా అమ్మాయిని కూర్చోబెట్టొద్దని టీచర్‌కి చెప్పాను, ఏమనుకోవద్దు’ అంది. మర్నాడు మా వాడు ఇంటికొచ్చి, అన్నం తింటూ తింటూ ఆగి, ‘అమ్మా, నా గ్లాసులో నీళ్లు తాగితే వాళ్లక్కూడా వస్తుందా?’ అని అడిగాడు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే గుండె పిండేసినట్టుంది. నేను రాసిచ్చింది టీచర్ కోసం, ఊరందరి కోసం కాదు. ఇది తప్పని అడిగితే నిలబడుతుందా? చట్టం ఏమైనా ఉందా? గొడవ పెట్టుకుంటే వాడినేమైనా అంటారేమోనని ఒకటే టెన్షన్.

ఒంగోలు నాన్న:
అమ్మా, ముందు ఒక్క మాట. మీరు నిజం రాసిచ్చి తప్పు చేయలేదు. మా పాపకి టైప్ 1 షుగర్, ఏడేళ్లప్పుడు బయటపడింది, రోజుకి నాలుగు ఇంజెక్షన్లు. మేం కూడా మొదట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ప్రేయర్లో షుగర్ పడిపోయి చెమటలు పట్టి కూలబడితే, టిఫిన్ తినకుండా వచ్చిందేమోనని నీడలో పడుకోబెట్టారట. చెంచాడు గ్లూకోజు ఇస్తే సరిపోయేది, ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి దాచడం మానేశాం.

కానీ అప్పటి నుంచి ఫైలు మాత్రం ఎవరికీ ఇవ్వం. అర పేజీ కాగితం మీద ఇలా అయితే ఇది చేయండి, ఈ నంబరుకి ఫోన్ చేయండి అని రాసి క్లాస్ టీచర్‌కి, పీఈటీ సారుకి, ఆఫీసు రూములో ఒకరికి, మొత్తం ముగ్గురికి ఇస్తాం. డిశ్చార్జి సమ్మరీ, ల్యాబ్ రిపోర్టులు అడిగితే దేనికి కావాలో రాసివ్వమంటాం. ఇప్పటిదాకా ఒక్కరూ రాసివ్వలేదు, మళ్లీ అడగనూ లేదు.

నెల్లూరు వకీలు:
చట్టం సంగతి నాకు తెలిసినంత వరకు చెబుతాను. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి తేల్చింది. ఆ తర్వాత 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. అందులో 18 ఏళ్లలోపు వాళ్లందరూ పిల్లలే, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అదీ సరిచూసుకోగలిగేలా తీసుకోవాలి. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే పెనాల్టీ 200 కోట్ల రూపాయల వరకు ఉంది. రిజిస్టర్ కాగితమే కదా అనొచ్చు, కానీ దాన్ని ఫోటో తీసి ఫోన్లో ఎక్కించాక అది డిజిటల్ సమాచారమే.

అయితే మీకు ఆశపెట్టి వదిలేయడం నాకిష్టం లేదు. దీని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. పిల్లల వైద్యం కోసం ఆసుపత్రులకీ, చదువు, భద్రత కోసం స్కూళ్లకీ కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయి. ఫిట్స్ వస్తే ఏం చేయాలో టీచర్‌కి తెలిసి ఉండటం భద్రత. మిగతా 37 ఇళ్లకి తెలియడం భద్రత ఎలా అవుతుంది?

హెచ్ఐవీ ఉన్న పిల్లల విషయంలో మాత్రం వేరే చట్టమే ఉంది, 2017లో చేశారు, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. వాళ్ల సంగతి అనుమతి లేకుండా బయటపెట్టడం, స్కూల్లో వేరుగా చూడటం రెండూ నిషేధం. ఈ చర్చ చదివే వాళ్లలో అలాంటి ఇల్లు ఉంటే గుర్తుపెట్టుకోండి.

మీరిప్పుడు చేయాల్సింది కేసు కాదు, ఉత్తరం. హెడ్మాస్టర్ పేరు మీద రాయండి, ఫలానా తేదీన మా అనుమతి లేకుండా పెట్టారు, తీసేయండి, ఇకమీదట ఎవరెవరు చూడొచ్చో రాతపూర్వకంగా చెప్పండి అని. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోండి. ఆ స్టాంపు లేకపోతే రేపు మీరసలు రాలేదంటారు. గ్రూపులో పెట్టిన ఫోటోకి స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, ఎవరికీ పంపకండి. అందులో మిగతా పిల్లల పేర్లు కూడా ఉన్నాయి.

దర్శి నుంచి:
నేను మాత్రం మీ అత్తగారి మాటే కరెక్టంటాను. మా మేనకోడలికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చి తగ్గిపోయాయి, మందులు కూడా ఆపేశారు, ఇరవై రెండేళ్లొచ్చాక సంబంధం చూస్తుంటే ఎప్పుడో స్కూల్లో చదివిన వాళ్లెవరో చెప్పి చెడగొట్టారు. మన ఊళ్లలో ఒకసారి మాట బయటికి పోతే దాన్నెవరూ వెనక్కి తేలేరు. చట్టాలు కాగితం మీద ఉంటాయి, పిల్ల మాత్రం ఇంట్లో ఉంటుంది.

పొదిలి వైపు ఏఎన్ఎం:
మీ మేనకోడలి బాధ నాకర్థమైంది, అలాంటివి నేనూ చూశాను. కానీ దాచిన ఇళ్లలో ఏమవుతుందో కూడా చూశాను. ఫిట్స్ వచ్చిన బిడ్డ చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పోయడం. చెంచా పెడితే పళ్లు విరుగుతాయి, నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చేయాల్సింది పక్కకు తిప్పి పడుకోబెట్టడం, తల కింద మెత్తటిదేదైనా పెట్టడం, గడియారం చూడటం. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. టీచర్‌కి ఇంతే తెలియాలి, ఏ వయసులో మొదలైంది, ఏ స్కాను తీశారు అనేవి ఆమెకి అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఆర్‌బీఎస్‌కే, అంటే పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం కింద బడులకు స్క్రీనింగ్‌కి వెళ్తాం. మా వైపు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల చాలామంది పిల్లలకి పళ్లు పసుపు, గోధుమ రంగు తిరిగి ఉంటాయి. ఒకసారి మాతో వచ్చినవాళ్లు పిల్లల్ని వరసగా నిలబెట్టి నోళ్లు తెరిపించి ఫోటోలు తీసుకున్నారు, గ్రూపుల్లో పెట్టుకోవడానికి. ఒక పాప చేత్తో నోరు మూసుకుని తీయనే లేదు. ఆ రోజు నుంచి నేనున్న చోట ఫోటోలు తీయనివ్వను. పేర్లు పైకి చదవను, రిఫర్ చేయాల్సిన బిడ్డని పక్కకు పిలిచి స్లిప్పు మడిచి చేతికిస్తాను, ఇంటికి ఫోన్ చేసి విడిగా చెబుతాను. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

ఆభా నంబరు, అంటే ఆరోగ్య రికార్డులకి ఇచ్చే డిజిటల్ ఐడీ, చేయమని ఎవరైనా అడిగితే అది ఐచ్ఛికం, లేదని పిల్లలకి వైద్యం ఆపరు. చేయించుకుంటే ఏ రిపోర్టు ఎవరికి చూపించాలో మీ అనుమతితోనే జరగాలి. ఫోన్ నంబరు తల్లిదండ్రులదే ఇవ్వండి, పక్కింటి వాళ్లదో మధ్యవర్తిదో ఇవ్వొద్దు, ఓటీపీలన్నీ అక్కడికే పోతాయి.

ఆత్మకూరు టీచర్:
ఇది చదివి సిగ్గేసింది. రెండేళ్ల కిందట నేనూ ఇలాంటి లిస్టు గ్రూపులో పెట్టాను. చెడు ఉద్దేశం లేదు, 40 మందికి 40 ఫోన్లు చేయలేక పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి తప్పని కూడా అనిపించలేదు. అమ్మా, మీరు వెళ్లి ఆ టీచర్‌తో నేరుగా మాట్లాడండి, హెడ్మాస్టర్‌కి ఉత్తరం ఇచ్చే ముందే. బాబు నీళ్ల గ్లాసు గురించి అడిగిన మాట చెప్పండి. నాకెవరైనా ఆ మాట చెప్పి ఉంటే ఆ రాత్రే తీసేసేదాన్ని.

కావలి అమ్మ:
అందరికీ పేరుపేరునా దండాలు. నిన్న వెళ్లాను. టీచర్ ఏడ్చేసింది, నిజంగా. ఫోటో అప్పటికే వారం దాటడంతో అందరి ఫోన్లలోంచి తీసేయడం కుదరలేదు, హెడ్మాస్టర్‌తో మాట్లాడి దయచేసి డిలీట్ చేయండని గ్రూపులో మెసేజ్ పెట్టించింది. ఎంతమంది చేశారో తెలియదు. ఉత్తరం కూడా ఇచ్చాను, స్టాంపు వేయడానికి ఆఫీసులో గంటసేపు కూర్చోబెట్టారు, కదలకుండా కూర్చున్నాను. బాబుని మళ్లీ పాత బెంచీకి మార్చారు.

పక్క తడిపే పాప వాళ్లమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. వారం నుంచి పాప బడికి పోనని ఏడుస్తోందట, ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకుందట. ఆవిడ కూడా సోమవారం నాతో వస్తానంది, ఉత్తరం ఇద్దరం కలిసి రాస్తున్నాం. నెల్లూరు వకీలు గారూ, ఇద్దరి పేర్లూ ఒకే ఉత్తరంలో పెట్టొచ్చా, విడివిడిగా ఇవ్వాలా?

నెల్లూరు వకీలు:
విడివిడిగా ఇవ్వండి. ఒకే ఉత్తరమైతే ఒకరి బిడ్డ సంగతి ఇంకొకరి ఫైల్లోకి పోతుంది.